ఆరు పవర్ సప్లైల ఛాసిస్ గారికి ఒక విన్నపం

సర్వర్ గది రెండో వరసలో, నాలుగో ర్యాకు అడుగున వేంచేసి ఉన్న బ్లేడ్లనే పలుచని సర్వర్లను అరల్లో పెట్టుకొని ఒకే పెట్టెలో పోషించే శ్రీయుత బ్లేడ్ ఛాసిస్ గారికి, ఇన్నేళ్లుగా మీ వెనుక కేబుళ్లు సర్దుతున్న సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ నమస్కరించి రాసుకొనునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. గత నెలాఖరు ఆదివారం రాత్రి తరువాత మన ఇద్దరిలో ఎవరూ కుశలంగా లేరు కనుక నేరుగా విషయానికి వస్తున్నాను.

మీ కంపెనీ పేరు ఇక్కడ రాయడం మర్యాద కాదు గానీ, మీ వంశం మాత్రం చెప్పుకోదగినది. 2001లో ఆర్‌ఎల్‌ఎక్స్ అనే చిన్న సంస్థ మూడు యూనిట్ల (ర్యాకు ఎత్తును కొలిచే మెట్లు) ఎత్తులో 24 సర్వర్లను నిలబెట్టి చూపించింది. మరుసటి ఏడాది ఐబీఎం బ్లేడ్‌సెంటర్ ఏడు యూనిట్లలో 14 బ్లేడ్ల చేత, 2006లో హెచ్‌పీ సీ7000 పది యూనిట్లలో 16 బ్లేడ్ల చేత కాపురం పెట్టించాయి. వేరు కాపురాలైతే 16 సర్వర్లకు రెండేసి చొప్పున, కరెంటు అందించే పవర్ సప్లైలు 32, వాటికి తగిన ఫ్యాన్లు, ర్యాకు వెనుక జడలు కట్టిన వైర్లు తప్పవు. ఒకే చూరు కింద అయితే ఆరు పవర్ సప్లైలతో, పది ఫ్యాన్లతో సంసారం గడిచిపోతుంది. అందుకే మీ ఇంట్లో బ్లేడుకు ప్రాసెసరు, మెమరీ, ఒకటి రెండు డిస్కులు తప్ప సొంత ఆస్తి లేదు. కరెంటూ గాలీ నెట్‌వర్కూ అన్నీ ఉమ్మడే. ఆ తొలినాటి బ్లేడ్‌సెంటర్‌లోనైతే 14 బ్లేడ్లకూ కలిపి ఒకే సీడీ డ్రైవు, ఒకే ఫ్లాపీ డ్రైవు ఉండేవి, ఏ బ్లేడు మీది బటన్ నొక్కితే అవి దాని వశమయ్యేవి. టీవీ రిమోటు కోసం ఇంట్లో జరిగే యుద్ధాలు చూసినవారెవరో కనిపెట్టిన ఏర్పాటులా ఉంటుంది అది.

మీ గాలి విషయంలో మాత్రం నాకు మొదటి నుంచీ ఒక ముచ్చట ఉంది. ఒక అర ఖాళీగా వదిలేస్తే చల్లగాలి అడ్డదారిన జారిపోయి పక్క బ్లేడ్లకు అందదు కనుక, సర్వరు లేని చోట సర్వరు ఆకారంలో ఒక ఖాళీ డబ్బాను బిగించాలి. ఏ పనీ చేయకుండా, ఉన్న చోట ఉండడమే ఉద్యోగంగా గల ఆ డబ్బాను చూసినప్పుడల్లా మా మూడో అంతస్తులోని ఒకరిద్దరు గుర్తుకు వస్తారు. మీ పవర్ సప్లైల నిద్ర కూడా అలాంటిదే. పని తక్కువగా ఉన్న వేళ ఆరూ తలా కొంచెం మోస్తే ఏదీ సమర్థంగా పనిచేయక కరెంటు వేడిగా వృథా అవుతుంది కాబట్టి, కొన్నిటిని నిద్రపుచ్చి మిగిలినవాటి మీద బరువు పెంచుతారు. ఏ ఆఫీసులోనైనా ఇదే పద్ధతి నడుస్తుంది, కాకపోతే మీ దగ్గర నిద్రపోయినవారు పిలిస్తే లేస్తారు.

ఇక అసలు ఫిర్యాదు. మీ పవర్ సప్లై ఒక్కొక్కటి 2400 వాట్లది. గదిలోకి విడివిడిగా వచ్చే రెండు కరెంటు లైన్లలో (వాటినే ఫీడ్లు అంటాము) మూడింటిని ‘ఏ’ ఫీడుకు, మూడింటిని ‘బీ’ ఫీడుకు తగిలించాము. ఒక ఫీడు మొత్తం పోయినా రెండోది ఇల్లంతా మోయాలన్నది మీ నియమం కనుక, ఆరు ఉన్నా మూడింటి లెక్కే చూపించి, 7200 వాట్లకు మించి ఖర్చు పెట్టనివ్వలేదు. ఇంత కరెంటును చేతిలో పెట్టుకొని అంత పిసినారితనం ఎందుకని మాకు అనిపించింది. మీ ఇంట్లో ఏ బ్లేడైనా వెలగాలంటే ముందు మీ మేనేజ్‌మెంట్ మాడ్యూలుకు అర్జీ పెట్టుకోవాలి, అది ఖజానా చూసి మంజూరు చేస్తేనే వెలుగు. పన్నెండు బ్లేడ్ల దాకా మంజూరు చేసిన మీరు పదమూడోదానికి ససేమిరా అన్నారు. మేము బ్లేడు చెడిపోయిందనుకొని మార్చి చూశాము, అరను అనుమానించాము, చివరికి సపోర్టుకు ఫోన్ చేశాము. అవతలి గొంతు ఎంతో ఓపికగా, రిడండెన్సీ మోడ్‌లో, అంటే ఆపదకు ఎంత కరెంటు దాచుకోవాలో చెప్పే చోట, ఒక్క ఎంపిక మార్చండి, పవర్ సప్లై ఒకటి పోయినా తట్టుకుంటే చాలునన్న లెక్క పెట్టుకోండి అని సెలవిచ్చింది.

మార్చాను. ఒక్క వైరు అదనంగా లాగకుండా, ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండా 7200 వాట్లు 12,000 అయ్యాయి. అయిదు పవర్ సప్లైల పెట్టు మాది, ఆరోది ఆపదకు అన్నమాట. ఆపద ఎప్పుడూ ఒక్కొక్క పవర్ సప్లైగానే వస్తుందని, ఫీడుగా రాదని మేము తీర్మానించుకున్నాము. పదహారు అరలూ నిండాయి, ఖర్చు తొమ్మిది వేల వాట్లు దాటింది. ఫీడు పోతే తట్టుకోలేనని మీరు పంపిన ఈమెయిళ్లు వాటంతట అవే ఒక ఫోల్డరులోకి పోయేలా నేనే రూలు రాశాను. దానికి నేను పెట్టిన పేరు "తరువాత చూద్దాం".

ఆ ఆదివారం రాత్రి యూపీఎస్ బ్యాటరీలు మార్చేవారు వచ్చి, ‘ఏ’ ఫీడును ఇరవై నిమిషాలు ఆపవచ్చా అని అడిగారు. రెండు ఫీడ్లు ఉన్నాయి కదా, నిశ్చింతగా ఆపండి అన్నాను. నెలాఖరు లెక్కలన్నీ ఒక్కసారిగా నడిపే బ్యాచ్ జాబులు అప్పుడే మొదలై పదహారు బ్లేడ్లూ ఆవురావురుమని తింటున్నాయి. బీ వైపున్న మూడు పవర్ సప్లైలు ఒక క్షణం మూలిగి, ఒకదాని వెనుక ఒకటి చేతులెత్తేశాయి. పది ఫ్యాన్లూ ఆగిపోయాక ఆ గదిలో వినిపించిన నిశ్శబ్దం నేను అంతకుముందు ఎన్నడూ ఎరగను. బ్యాటరీల మనిషి మాత్రం, సార్, ఇప్పుడు బీ కూడా చూడమంటారా అని అడిగాడు.

విచారణ జరిగింది, నివేదిక నేనే రాశాను. కారణం అన్న చోట "ఛాసిస్ వైఫల్యం" అని రాసినందుకు ఈ లేఖ ద్వారా క్షమాపణ కోరుతున్నాను. మోడ్ సంగతి రాస్తే ఎవరు మార్చారన్న ప్రశ్న వస్తుంది, దానికి నా దగ్గర ఉన్నది ఒక్క జవాబే. పైవారు నివేదికను ఆమోదించి, ఇంత మంచి విశ్లేషణ ఈ మధ్య చూడలేదని మెచ్చుకున్నారు.

పాత మోడుకు మళ్లీ మార్చాలంటే నాలుగు బ్లేడ్లు ఆపాలి. నాలుగింటి వాళ్లనూ అడిగాను. ముగ్గురు తమది అత్యవసరమన్నారు, నాలుగోవారు తమ బ్లేడు మీద ఏముందో తెలుసుకొని చెబుతామన్నారు. కనుక మోడ్ అలాగే ఉంది. వచ్చే ఆదివారం బీ వైపు బ్యాటరీలు మారుస్తారట, మళ్లీ ఇరవై నిమిషాలే. ఈసారి బ్యాచ్ జాబులు లేవు. ఆ కాసేపూ ఎలాగో ఓర్చుకోవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
మీ ఫోల్డరు రూలు ఇంకా తీసెయ్యని,
విధేయుడు