సవరణ: మార్చి 14, పై దినోత్సవం

మార్చి 14న పై (π, అంటే వృత్తం చుట్టుకొలతని దాని వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య, సుమారు 3.14) పేరిట జరిగే వేడుకల మీద మేం పెట్టిన పోస్టులో "పై దినోత్సవాన్ని యునెస్కో మొదలుపెట్టింది" అని ఉంది. ఆ వాక్యం మార్చాం. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ మ్యూజియంలో పనిచేసే భౌతికశాస్త్రవేత్త ల్యారీ షా దీన్ని మొదలుపెట్టారు. సిబ్బంది, సందర్శకులు గుండ్రంగా తిరుగుతూ ఊరేగి, తర్వాత పండ్ల పైలు (ఇంగ్లిష్‌లో π లాగే పలికే పేరున్న తీపి వంటకం) తిన్నారు. యునెస్కో 2019లో ప్రకటించింది అంతర్జాతీయ గణిత దినోత్సవాన్ని. తేదీ ఒకటే కాబట్టి జనం రెండింటినీ కలిపేస్తుంటారు, కానీ షాకి దక్కాల్సిన పేరు షాకే దక్కాలి.

ఇంకోటి. మార్చి 14ని 3.14 గుర్తొచ్చేలా 3/14 అని రాయడం నెల ముందు రాసే అమెరికా పద్ధతి. రోజు ముందు రాసే చోట 22/7 అంటే జులై 22. 22/7 అనే భిన్నం π విలువకి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ రోజు కూడా పై అభిమానులు జరుపుకుంటారు. ఆ తేదీనీ పోస్టులో చేర్చాం.