కామాలు సరే, మూలం ఏది?

ప్రాజెక్టు గడువు దగ్గరపడితే కళాశాలల చుట్టుపక్కల డీటీపీ సెంటర్లు కిటకిటలాడతాయి. అక్కడ విద్యార్థులు దిద్దించుకునేది ఏమిటి? రచయిత పేరు తర్వాత కామా, పుస్తకం పేరుకు ఇటాలిక్స్, ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతి 7వ కూర్పు ప్రకారం వరుస. ఆ జాబితాలోని పుస్తకాల్లో నువ్వు తెరిచినవి ఎన్ని అని అడిగే అధ్యాపకులు అరుదు. ఉపయుక్త గ్రంథసూచిని, అంటే వాడుకున్న పుస్తకాల జాబితాను, నేర్పే ఈ పద్ధతిని వదిలేయాలి. మార్కులు కామాలకు కాదు, ఆధారం చూపినందుకు ఇవ్వాలి.

ఆ కామాలేమైనా శాశ్వతమా? 1929లో ఒక మనస్తత్వశాస్త్ర పత్రికలో ఏడు పేజీల సూచనలుగా మొదలైన ఏపీఏ పద్ధతి, 2019లో ప్రచురణకర్త ఊరి పేరు అక్కర్లేదని తేల్చేసింది. అంతకుముందు ఊరి పేరు రాయకపోతే అది తప్పు. పైగా ఈ నియమాలు చివరి పదాన్నే ఇంటిపేరుగా భావించే సమాజాల్లో పుట్టాయి. వాటిని యాంత్రికంగా పాటిస్తే సురవరం ప్రతాపరెడ్డి కాస్తా ‘రెడ్డి, ఎస్.పి.’ అవుతారు. సురవరం అని వెతికే తెలుగు పాఠకుడికి ఆయన దొరకరు. పాఠకుడిని మూలం దగ్గరికి చేర్చలేని సూచి ఎంత అందంగా ఉంటే ఏం లాభం?

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో తెచ్చిన గ్రంథచౌర్య నిరోధక నిబంధనలు వ్యవహారాన్ని శాతాల్లోకి దించాయి. ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఫలితంగా పరిశోధక విద్యార్థి దృష్టంతా అంకె తగ్గించడం మీదే ఉంటోంది. ఒకరి ఆలోచనను పేరు చెప్పకుండా తీసుకుని, మాటలు మార్చి రాస్తే పోలికను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకోలేకపోవచ్చు. దొంగతనం మాత్రం దొంగతనంగానే ఉంటుంది. ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చాక, లేని పుస్తకానికి కూడా చక్కటి ఆకృతిలో వివరాలు పుట్టుకొస్తున్నాయి. 2023 జూన్‌లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఇద్దరు న్యాయవాదులకు, వారి సంస్థకు కలిపి 5,000 డాలర్ల జరిమానా వేసింది. చాట్‌జీపీటీని నమ్మి వారు ఉదహరించిన తీర్పుల్లో కొన్ని అసలు లేనే లేవు. చూడటానికి మాత్రం ఆ ఉదాహరణలు నిజమైన తీర్పుల్లాగే ఉన్నాయి.

ఒకే పద్ధతి ఉంటే క్రమశిక్షణ అలవడుతుందని, పత్రికలు అదే అడుగుతాయని కొందరు అధ్యాపకుల వాదన. పత్రికకు పంపే రోజున ఆ పని చేసిపెట్టడానికి జొటేరో అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ ఉచితంగా. పుస్తకం తెరవని విద్యార్థికి కామాల క్రమశిక్షణ దేనికి?

అసలు జబ్బు కళాశాలలో మొదలు కాలేదు. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా గైడులో ఉన్నది ఉన్నట్టు దించితే మెచ్చుకున్నాం. నోట్సు ఎక్కడిదో మాస్టారు చెప్పరు, పిల్లలు అడగరు. పన్నెండేళ్లు మార్కులు తెచ్చిన ఆ పనినే, అమెరికాలో ఎంఎస్‌లో చేరిన తొలి సెమిస్టర్‌లో మన పిల్లవాడు చేస్తే విచారణకు పిలుస్తారు. తప్పు చేశానని కూడా తెలియక బిత్తరపోయే ఆ పిల్లవాడిని అలా తయారు చేసింది మన పరీక్షలే.

మూలం చెప్పడం పడమటి దేశాల సరుకని అనుకోవడం మరో పొరపాటు. మెదక్ సీమ కొలిచెలమ వంశీయుడు మల్లినాథ సూరి, కాళిదాసు కావ్యాల వ్యాఖ్యానాల్లో ముందే ప్రతిజ్ఞ చేశాడు: ఆధారం లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను. ఒక పదానికి అర్థం చెబితే ‘ఇత్యమరః’ అని, అది అమరకోశమనే సంస్కృత నిఘంటువులోదని అక్కడే తెలిపేవాడు. పేజీ సంఖ్య లేదు, ఇటాలిక్స్ లేవు. అయినా అనుమానం వచ్చినవాడు వెళ్లి సరిచూసుకోగలడు. ఆయన పుట్టిన నేల మీద పిల్లలకు ఈ అలవాటు పరాయిదైపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

పరిశోధన నైతికతపై రెండు క్రెడిట్ల కోర్సును యూజీసీ 2019 చివర్లో తప్పనిసరి చేసింది, కానీ పీహెచ్‌డీ వారికే. అప్పటికి అలవాట్లు ముదిరిపోతాయి. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు దాన్ని తెలుగులోనే డిగ్రీ మొదటి సెమిస్టర్‌కు తేవాలి. ప్రాజెక్టు వైవాలో సూచిలోని ఏవైనా మూడు పుస్తకాలను బల్ల మీద పెట్టించి, వాడుకున్న పేజీ తీసి చూపించమనాలి. చూపించలేకపోతే, బైండింగ్ ఎంత బాగున్నా, ఆ ప్రాజెక్టును వెనక్కి పంపాలి.