జవాబు కాదు, స్టెప్పులు చూడండి

విశాఖలో ద్వారకానగర్ వైపు వెళ్తే ఎటు చూసినా కోచింగ్ బోర్డులే. ఆరో తరగతి నుంచే ‘ఐఐటీ ఫౌండేషన్’ అంటున్నారు. ఆ ఫౌండేషన్‌లో ఏం జరుగుతోందో పిల్లల నోట్సు తిరగేస్తే తెలిసిపోతుంది. నాలుగు ఆప్షన్లు, ఒక టిక్కు, మార్జిన్‌లో ఏవో రెండు అంకెలు. జవాబు ఉంది, లెక్క లేదు. దీన్ని గణితం నేర్పడం అంటే నేను ఒప్పుకోను.

503లోంచి 278 తీసేయమంటే ఒక పాప 375 వేసింది అనుకోండి. టిక్కుల పద్ధతిలో అది తప్పు, అంతే. మార్కు పోయింది, తర్వాతి ప్రశ్న. అదే లెక్కను నిలువుగా వేసి, పైకి చెబుతూ చేయమనండి. ‘మూడులోంచి ఎనిమిది పోదు కదా, అందుకే ఎనిమిదిలోంచి మూడు తీశాను, ఐదు’ అంటుంది. ఏడులోంచి సున్నా తీస్తే ఏడు. ఐదులోంచి రెండు పోతే మూడు. ఆ పాప గుడ్డిగా రాయలేదు. పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయాలని తనకు తానే ఒక నియమం పెట్టుకుంది. పదుల స్థానంలో సున్నా ఉంటే వందల దగ్గరికి వెళ్లి అప్పు తెచ్చుకోవాలని ఆమెకు ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. ఒక వందను పది పదులుగా విడగొట్టి, అందులో ఒక పదిని ఒకట్లలోకి పంపడం పుల్లల కట్టలతో చూపిస్తే 225 ఆమే తెస్తుంది. స్టెప్పు కనబడకపోతే ఏ టీచరైనా ఆ తప్పును ఎలా పట్టుకుంటారు?

పిల్లల చదువు, లెక్కల స్థాయిని కొలవడానికి గ్రామీణ ప్రాంతాల్లో చేసిన అసర్ సర్వేలో, 2024లో దేశవ్యాప్తంగా ఐదో తరగతి పిల్లల్లో భాగాహారం చేయగలిగినవాళ్లు 30.7 శాతం. ఇంకా ఆలోచించాల్సింది 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం. నోబెల్ అందుకున్న ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ఉన్న బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే పిల్లలను పరీక్షించింది. ధరలు, చిల్లర నోటితో చెప్పేసే పిల్లలు కాగితం మీది బడి లెక్క దగ్గర తడబడ్డారు. బజారు లెక్క ఇస్తే బడి పిల్లలూ తడబడ్డారు. మన ఎంవీపీ కాలనీ రైతుబజారులో కిలో 40 రూపాయల వంకాయలు 800 గ్రాములు తూగితే, ‘కిలోకి 200 గ్రాములు తక్కువ, 200 గ్రాములకు ఎనిమిది, 40లోంచి ఎనిమిది తీసేస్తే 32’ అని లెక్క కట్టే పిల్ల నోటితో స్టెప్పులే వేస్తోంది. వాటిని బోర్డు మీదికి తెచ్చే పని బడి చేయడం లేదు.

జేఈఈ మెయిన్‌లో 3 గంటల్లో 75 ప్రశ్నలు, షార్ట్‌కట్‌లు లేకపోతే ఎలా అంటారు తల్లిదండ్రులు. వాళ్ల టెన్షన్ నిజమే. కానీ ఆ పరీక్ష ఇంటర్‌లో రాస్తారు. పదకొండేళ్ల పిల్లకు ఇప్పటి నుంచే గడియారం పెట్టి పరుగెత్తించడం దేనికి? పదో తరగతి పబ్లిక్ పరీక్షలో స్టెప్పులకూ మార్కులున్నాయి కదా!

అసలు నా బాధ పరీక్షలతో ఆగదు. స్టెప్పు అడగడం అలవాటు లేని పిల్లలే పెద్దయ్యాక ఏ బిల్లు వచ్చినా నోరు మూసుకుని కట్టేస్తారు. ఇంటి కరెంటు బిల్లే తీసుకోండి. 100 యూనిట్లు కాలితే చాలామంది చివరి స్లాబు రేటు 4.50తో గుణించి 450 అనుకుంటారు. 2022 ఆగస్టులో అమల్లోకి వచ్చిన స్లాబుల ప్రకారం అది తప్పు. మొదటి 30 యూనిట్లకు 1.90 చొప్పున 57 రూపాయలు. తర్వాతి 45కు 3 చొప్పున 135. మిగిలిన 25కు 4.50 చొప్పున 112.50. మొత్తం 304.50. దీని మీద ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం, ట్రూఅప్ (పాత ఖర్చుల లోటుకు తర్వాత వసూలు చేసేది), ఇంధన సర్దుబాటు. స్లాబుల లెక్క ఏడో తరగతి పిల్లలు చేయగలరు. సర్దుబాటు ఛార్జీ దగ్గరికొచ్చేసరికి చేతికొచ్చిన బిల్లు మీద మొత్తమే ఉంటుంది, ఆ మొత్తం ఎలా వచ్చిందో ఉండదు. 2021లో ఇంటి పన్నును అద్దె విలువ నుంచి ఆస్తి విలువకు మార్చినప్పుడు ఈ నగరంలో ఎంత ఆందోళన జరిగిందో గుర్తుంది కదా. నోటీసు పట్టుకుని తన పన్ను తానే లెక్కగట్టగలిగిన ఇంటి యజమానులు ఎంతమంది?

అందుకే విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) బడుల్లో ఏడో తరగతి నుంచి నెలకొకసారి ఇంటి కరెంటు బిల్లు తెప్పించి, క్లాసులో స్టెప్పుల వారీగా చేయించాలి. తేడా వచ్చిన బిల్లుల మీద పిల్లల చేతే కరెంటు పంపిణీ సంస్థకు (డిస్కంకు) ఉత్తరం రాయించాలి.