3 సెంట్ల స్ట్రిప్పు క్యాన్సర్‌ను పట్టేస్తుందా?

"అమెరికాలో 15 ఏళ్ల కుర్రాడు 3 సెంట్ల కాగితపు స్ట్రిప్పుతో పాంక్రియాస్ క్యాన్సర్‌ను 5 నిమిషాల్లో, నూటికి నూరుపాళ్లు పట్టేశాడు. కంపెనీలు తొక్కిపెట్టాయి. స్కానింగులు అక్కర్లేదు." ఈ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. నిన్న మా పెద్దమ్మ పంపి, "ఇది మన దగ్గర దొరుకుతుందారా?" అని అడిగింది.

కుర్రాడు నిజమే. జాక్ ఆండ్రాకా, 2012లో ఇంటెల్ సైన్స్ పోటీలో 75 వేల డాలర్ల బహుమతి గెలిచాడు. వడపోత కాగితానికి కార్బన్ నానోట్యూబులనూ (కంటికి కనబడనంత సన్నని, కరెంటు పారే కార్బన్ గొట్టాలు), పాంక్రియాస్ క్యాన్సర్‌లో పెరిగే మీసోథెలిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీలనూ పట్టించాడు. ప్రోటీన్ అతుక్కుంటే ట్యూబుల మధ్య ఎడం పెరిగి కరెంటు ప్రవాహం మారుతుంది. ఆ వయసుకు అది గొప్ప పనే.

తొక్కిపెట్టారన్నది అబద్ధం. నీటిలోని విషాన్ని పట్టే ఇలాంటి నానోట్యూబుల కాగితాన్ని మిషిగన్ యూనివర్సిటీ బృందం 2009లోనే ప్రచురించింది. ఇందులో దాచిందేమీ లేదు.

మీసోథెలిన్ కనబడితే అది పాంక్రియాస్ క్యాన్సరే అనుకోవడమూ తప్పే. అది అండాశయ క్యాన్సర్‌లోనూ పెరుగుతుంది. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల పైపొరలోనూ ఉంటుంది.

అసలు చిక్కు రక్తంతో. షుగర్ స్ట్రిప్పు కూడా రక్తంలోని పదార్థాన్ని కరెంటుతో కొలిచేదే కదా అంటారు. పరగడుపున షుగర్ 90 (అంటే 100 మిల్లీలీటర్లకు 90 మిల్లీగ్రాములు) ఉందంటే, మిల్లీలీటరు రక్తంలో దాదాపు ఒక మిల్లీగ్రాము గ్లూకోజు ఉన్నట్టు. క్యాన్సర్ గుర్తులు నానోగ్రాముల్లో ఉంటాయి; నానోగ్రాము అంటే మిల్లీగ్రాములో పది లక్షల వంతు. ప్రోస్టేట్ పరీక్షలో అనుమానం మొదలయ్యే గీత మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు, అంటే ఆ గ్లూకోజులో రెండు లక్షల వంతు కన్నా తక్కువ. అదే మిల్లీలీటరులో ఆల్బుమిన్ అనే మామూలు రక్త ప్రోటీన్ 40 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అది సెన్సర్‌లో కరెంటు పారే భాగం (ఎలక్ట్రోడ్) మీద జిగురులా పేరుకుని అసలు ప్రోటీన్‌కు చోటివ్వదు. బఫర్ ద్రావణంలో (ల్యాబులో కలిపిన శుభ్రమైన ఉప్పునీటి లాంటిది) చక్కగా పనిచేసిన నానో సెన్సర్లు రక్తం దగ్గరికొచ్చేసరికి తడబడేది ఇందుకే.

ఇక "నూటికి నూరు". అది సైన్స్ ఫెయిర్ అంకె, ఆసుపత్రి ట్రయల్‌ది కాదు. పోనీ 99 శాతమే అనుకుందాం. అమెరికాలో ఏడాదికి లక్షమందిలో సుమారు 13 మందికి ఈ క్యాన్సర్ వస్తుంది. లక్షమందికీ పరీక్ష చేస్తే, ఏమీ లేని వెయ్యిమందికి "ఉంది" అని చెబుతుంది. ఆ వెయ్యిమందికీ స్కానింగులు, కొందరికి బయాప్సీ సూదులు, ఇంటిల్లిపాదికీ నిద్రలేని రాత్రులు. లక్షణాలు లేనివాళ్లకు పాంక్రియాస్ క్యాన్సర్ స్క్రీనింగ్ (ముందస్తు పరీక్ష) వద్దని, ఏ ముందస్తు పరీక్షలు మేలో సలహా ఇచ్చే అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2019లో మరోసారి చెప్పింది.

లక్షణాలుంటే సంగతి వేరు. మా పెదనాన్న ఈ మధ్య ఊరికే చిక్కిపోతున్నాడు, అరవై దాటాక కొత్తగా షుగరొచ్చింది. పెద్దమ్మ అడిగింది అందుకే. "స్ట్రిప్పు కోసం ఆగొద్దు పెద్దమ్మా, సీటీ స్కాన్ తీయిద్దాం" అన్నాను. శుక్రవారం తీసుకెళ్తున్నాం.