అమీర్‌పేట పాఠం ఫోన్లోకి వచ్చింది, ల్యాబ్ రాలేదు

ఒకప్పుడు అమీర్‌పేట మైత్రీవనం దగ్గర నాలుగడుగులు వేస్తే చేతిలో నాలుగు కోర్సుల కరపత్రాలు పడేవి. కరోనా తర్వాత ఆ పాఠాల్లో చాలావరకు ఫోన్లలోకి, ల్యాప్‌టాప్‌లలోకి వచ్చేశాయి. దానివల్ల కోడింగ్ నేర్చుకునేవాళ్లకు పెద్ద నష్టం జరగలేదనే నేననుకుంటున్నాను. జావాలో సెమికోలన్ మరిచిపోతే ఏ లైన్లో తప్పుందో కోడ్‌ను సరిచూసే కంపైలర్ ప్రోగ్రామ్ అప్పటికప్పుడే చూపిస్తుంది. వందసార్లు తప్పు చేసినా విసుక్కోదు. తప్పు చేయడం, వెంటనే తెలుసుకోవడం, మళ్లీ చేయడం... ఏ విద్య అయినా పట్టుబడేది ఇలాగే.

మరి కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఆ తప్పు ఎవరు చెబుతారు? టైట్రేషన్‌లో, అంటే రంగు మారేదాకా ఒక ద్రావణంలో ఇంకోదాన్ని చుక్కలుగా కలిపి కొలిచే ప్రయోగంలో, లేత గులాబీ రంగు ఎలా ఉంటుందో వీడియోలో చూడొచ్చు. బ్యూరెట్ అనే కొలత గీతల గాజు గొట్టం నుంచి ఒక్కో చుక్కే పడేలా దాని కుళాయి తిప్పడం మాత్రం వేళ్లకు అలవాటవ్వాలి. ఒక్క చుక్క ఎక్కువైతే రంగు ముదురుతుంది, రీడింగ్ పోతుంది. కన్ను ద్రవమట్టానికి సమంగా లేదని పక్కన నిలబడ్డ లెక్చరర్ చూసి చెప్పాలి. ఐటీఐలో ఫిట్టర్ కుర్రాడు ఆకురాయి పట్టే తీరైనా, నర్సింగ్ అమ్మాయి సూది గుచ్చడానికి నరం వెతికే తీరైనా అంతే. అందుకే ఇంజినీరింగ్, వైద్యం, ఫార్మసీ, నర్సింగ్ వంటి డిగ్రీలను పూర్తిగా ఆన్‌లైన్‌లో ఇవ్వకూడదని యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2020 నిబంధనల్లో పెట్టడం సరైన పని.

భాష, చరిత్ర, న్యాయశాస్త్రం చదివేవాళ్లకు ల్యాబ్ అక్కర్లేదని సులువుగా అనేస్తాం. వాళ్లు రాసిన వ్యాసం మార్కులతో మాత్రమే తిరిగొస్తే వాదన ఎక్కడ జారిందో ఎలా తెలుస్తుంది?

కొంత ఇంట్లో, కొంత క్లాసులో నేర్చుకునే బ్లెండెడ్ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. 1982లో హైదరాబాద్‌లో మొదలైన దేశపు తొలి ఓపెన్ యూనివర్సిటీ, నేటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, పుస్తకాలు ఇంటికిచ్చి సందేహాలకు స్టడీ సెంటర్లు పెట్టింది. 2021 నుంచి సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులను కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’ మీద చేసే వీలుంది. ఇంట్లో వీడియో చూసి వస్తే క్లాసులో మిగిలిన గంటలన్నీ ప్రాక్టీసుకే దక్కాలి. నాకు బాధ కలిగించేది దీనికి ఎదురు జరగడం: క్లాసులోనే ప్రొజెక్టర్ మీద వీడియో వేసి, టైమ్ చాలలేదని ల్యాబ్ పీరియడ్ కోసేస్తున్నారు.

అడ్మిషన్ల సమయంలో తల్లిదండ్రులు స్మార్ట్ క్లాస్‌రూమ్‌లు చూసి వస్తున్నారు. ల్యాబ్ తలుపు కూడా తీయించండి. వారానికి ఎన్ని గంటలు, ఒక్కో బ్యూరెట్ దగ్గర ఎంతమంది పిల్లలు అని అడగండి.