ఎవరి క్యూబ్ వాళ్లదేనా?

ఈ వాదన రూబిక్స్ క్యూబ్ పోటీల గురించి. వరల్డ్ క్యూబ్ అసోసియేషన్, అంటే డబ్ల్యూసీఏ, నిబంధనల ప్రకారం పోటీదారు తన క్యూబ్ తానే తెచ్చుకోవాలి. మావయ్య ఒకప్పుడు క్యారమ్స్ టోర్నమెంట్లు ఆడిన మనిషి, ఇప్పుడు కొడుకుని క్యూబ్ పోటీలకు తీసుకెళ్తున్నాడు. మేనకోడలు ఆ పోటీల్లో ఆడుతుంది, జడ్జిగానూ కూర్చుంటుంది. నేను మేనకోడలి పక్షం. అయినా మావయ్య అడిగినవాటిలో కొన్ని గట్టి ప్రశ్నలు. వాటిని తగ్గించకుండా రాశాను.

మావయ్య: క్యారమ్స్‌లో బోర్డు నిర్వాహకులది, కాయిన్స్ వాళ్లవి, పౌడర్ వాళ్లది. ఓడిపోయినవాడు బోర్డుని తప్పుపట్టడానికి లేదు. మీ దగ్గర ఒక పిల్లాడు ఐదారు వేల క్యూబ్ తెస్తాడు, పక్కవాడు ఫ్యాన్సీ షాపులో కొన్నది తెస్తాడు. ఇద్దరి ముందూ ఒకే టైమర్ పెట్టి, ఇదే సమానత్వం అంటారు.

మేనకోడలు: స్ట్రైకర్ సంగతి వదిలేశారేం మావయ్యా? అది మీదేగా.

మావయ్య: నాదే. కానీ 15 గ్రాములు దాటకూడదు. దాటితే పక్కన పెట్టేస్తారు. నా చేతిలో ఉన్నదానికీ ఒక హద్దుంది. మీ క్యూబ్‌కి ఏముంది?

మేనకోడలు: ఉంది. బరువు మీద, ధర మీద కాదు. క్యూబ్ నీకు ఏం చెప్తోంది అన్నదాని మీద ఉంది. ఒక ముక్కని దానిలాంటి ఇంకో ముక్క నుంచి గుర్తుపట్టే గీత గానీ, పగులు గానీ, ఎత్తుగా ఉన్న స్టిక్కర్ గానీ ఉండకూడదు. పారదర్శకంగా ఉండే క్యూబ్ పనికిరాదు, వెనక రంగులు ముందు నుంచే కనిపిస్తాయి కాబట్టి. ఆడుతున్నంతసేపూ టైమర్ తప్ప వేరే ఎలక్ట్రానిక్ పరికరం ఏదీ వాడకూడదు. కళ్లకు గంతలు కట్టుకుని ఆడే ఈవెంట్ ఉంది చూడండి, అక్కడ వేలికి తగిలే గుర్తు ఒక్కటున్నా ఆట ఆటే కాదు. అదే స్క్రూ బిగించుకో, వదులు చేసుకో, లూబ్, అంటే తేలిగ్గా తిరగడానికి వేసే నూనె, వేసుకో, ఎవరూ ఏమీ అనరు. చేతికి సాయం చేసేది సరే, బుర్ర చేయాల్సిన పని చేసేది వద్దు. ఈ గీత నాకు న్యాయంగానే కనిపిస్తుంది. ఎందుకంటే ఈ ఆటలో మనం కొలిచేది చూడటాన్నీ, గుర్తుపెట్టుకోవడాన్నీ, ముందున్న మెట్టుని ఇప్పుడే ఊహించడాన్నీ.

మావయ్య: వేళ్లని కొలవడం లేదా?

మేనకోడలు: వేళ్లనీ కొలుస్తాం.

మావయ్య: మరి క్యూబ్ లోపల పెట్టే మాగ్నెట్ల మాటేంటి? పొర కొంచెం అటూ ఇటూ ఆగితే మాగ్నెట్ లాగి సరిగ్గా కూర్చోబెడుతుంది. క్యూబ్ వంకరగా ఆపితే మీరే రెండు సెకన్లు జరిమానా వేస్తారు. అంటే తిన్నగా ఆపడం కూడా ఈ ఆటలో నైపుణ్యమని మీరే ఒప్పుకున్నారు. ఆ నైపుణ్యాన్ని మాగ్నెట్‌కి అప్పజెప్పిందీ మీరే.

మేనకోడలు: ఆ జరిమానా పొర 45 డిగ్రీలకి మించి పక్కకి ఉంటేనే. అంత దూరంలో మాగ్నెట్ లాగదు, లాగినా తప్పు వైపుకే లాగుతుంది. కాబట్టి ప్లస్ టూ, అంటే ఆ రెండు సెకన్ల జరిమానా, నుంచి అది కాపాడదు. కానీ మధ్యలో, వేగంగా తిప్పుతున్నప్పుడు, పొర తన చోటు దాటి జారిపోకుండా ఆపుతుంది. అది నిజమే, కాదనను.

మావయ్య: కాదననంటే కుదరదమ్మా. 2009లో రోమ్‌లో ఈత వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. ఒంటికి అతుక్కుని నీళ్లలో తేల్చే పాలీయురెథేన్ సూట్లు వేసుకున్నారు. ఆ సూట్ ఈతగాడికి ఏ రహస్యమూ చెప్పలేదు. నీ లెక్క ప్రకారం అది చేతికి సాయమే. మరి 2010 జనవరి నుంచి ఎందుకు ఆపేశారు? ఈదుతున్నది మనిషా, బట్టా అన్న అనుమానం వచ్చింది కాబట్టి. ఇప్పుడు మీ లెక్క చూడు. 1982లో బుడాపెస్ట్‌లో మొదటి ప్రపంచ ఛాంపియన్ మిన్ థాయ్ టైమ్ 22.95 సెకన్లు. 2023లో మాక్స్ పార్క్ ప్రపంచ రికార్డు టైమ్ 3.13. ఆ మధ్య తగ్గిన దాదాపు 20 సెకన్లలో మనిషి వాటా ఎంత, ప్లాస్టిక్ వాటా ఎంత? చెప్పగలవా?

మేనకోడలు: విడదీసి చెప్పలేను.

మావయ్య: చెప్పలేనప్పుడు, రికార్డు మనిషి పేరున రాయడానికి నీకేం హక్కుంది?

మేనకోడలు: విడదీయలేకపోయినా కొంత చూడొచ్చు. లూకాస్ ఎటర్ 2015లో 4.90తో మొదటిసారి ఐదు సెకన్ల లోపుకి వచ్చాడు. ఫ్యాక్టరీలోనే మాగ్నెట్లు పెట్టిన క్యూబులు మార్కెట్లోకి వచ్చింది ఆ తర్వాతే. అంటే 22.95 నుంచి 4.90 దాకా దూరం మాగ్నెట్ లేకుండానే దాటారు. క్యూబులు మెరుగయ్యాయి, నిజం. దానితోపాటు వేళ్లతోనే వేగంగా తిప్పే ఫింగర్ ట్రిక్స్ వచ్చాయి, కొత్త పద్ధతులు వచ్చాయి, వందల అల్గారిథమ్‌లు, అంటే తిప్పే వరసలు, చేతికి అలవాటు చేసుకున్న తరం వచ్చింది. మొదలుపెట్టే ముందు క్యూబ్‌ని చూసుకోవడానికిచ్చే 15 సెకన్ల ఇన్‌స్పెక్షన్‌లో క్రాస్, అంటే మొదటి మెట్టు, మొత్తం మనసులో వేసుకుని, ఆ తర్వాత పెట్టే మొదటి జత ముక్కల్ని కూడా చూసేసి మొదలుపెడుతున్నారు. ఈ పని ఏ క్యూబూ చేయదు. ఇంక ఈత సూట్ సంగతి. ఒక్కొక్కటి వందల డాలర్లు, కొన్ని రేసులకే పాడైపోయేది. ఇంకో కంపెనీతో ఒప్పందం ఉన్నవాడు మంచి సూట్ వేసుకోలేక చిక్కుల్లో పడ్డాడు. ఇక్కడ వెయ్యి రూపాయల లోపు మాగ్నెటిక్ క్యూబ్ దొరుకుతోంది. దానితో పది సెకన్ల లోపు చేసే పిల్లలు ప్రతి పోటీలో కనిపిస్తారు. ఐదు వేల క్యూబ్ చేతికి హాయిగా ఉంటుంది, అంతే. ఇరవై సెకన్లు తీసుకునేవాణ్ని అది పదికి దించదు.

మావయ్య: వెయ్యి నీకు చిన్న మొత్తం. అందరికీ కాదు.

మేనకోడలు: నిజమే. దాని గురించి మాట్లాడదాం, తప్పించుకోను. ముందు మీరు అడిగేదేమిటో స్పష్టంగా చెప్పండి. అందరికీ ఒకే క్యూబ్ నిర్వాహకులే ఇవ్వాలా?

మావయ్య: ఇవ్వాలి. కనీసం ఫైనల్‌కైనా.

మేనకోడలు: ఇస్తే ఏమవుతుందో వినండి. ఆట మధ్యలో ముక్క ఎగిరిపోతే, పాప్ అయితే, నిబంధన ప్రకారం ఇంకో ఛాన్స్ ఇవ్వరు. ఏరుకుని పెట్టుకుని కొనసాగించాలి, లేదా డీఎన్ఎఫ్, అంటే పూర్తి చేయలేదన్న ఫలితం, తీసుకోవాలి. ఇది కఠినంగా ఉన్నా న్యాయమే, ఎందుకంటే ఆ క్యూబ్‌ని బిగించుకున్నది నువ్వే. నిర్వాహకులిచ్చిన క్యూబ్ పాప్ అయిందనుకోండి, తప్పెవరిది? ప్రతి పాప్‌కీ ఒక గొడవ, ప్రతి గొడవకీ ఇంకో ఛాన్స్. ముందు ఆడినవాళ్ల చేతుల్లో నలిగి వదులైన క్యూబ్ తర్వాతవాడికి వస్తుంది. ఒకరి వేళ్లకి గట్టి టెన్షన్ కావాలి, ఇంకొకరికి వదులుగా ఉండాలి. చిన్నపిల్లల చేతులకి చిన్న సైజు క్యూబ్ నప్పుతుంది. వస్తువు ఒకటైతే అవకాశం సమానమవుతుందనుకోవడం పొరపాటు. ఒకే కొలత చెప్పులు అందరికీ ఇచ్చి పరుగు పెట్టించినట్టే అది.

మావయ్య: సరే. ఇంకోటి అడుగుతాను. స్టిక్కర్లు లేకుండా ప్లాస్టిక్‌కే రంగున్న క్యూబులు ఒకప్పుడు నిషేధం కదా?

మేనకోడలు: 2015 దాకా.

మావయ్య: ఎందుకు?

మేనకోడలు: పొర సగం తిరిగినప్పుడు ముక్కల లోపలి రంగు బయటికి కనిపిస్తుందని. అవతలి వైపు ఏ రంగుందో ముందే తెలిసిపోతుందని.

మావయ్య: అదీ సంగతి. క్యూబ్ నీకు ఏం చెప్తోంది అన్నదే గీత అన్నావు. 2014లో ఆ క్యూబ్ చెప్పింది, 2015లో చెప్పడం మానేసిందా? గీతని మీకు కావాల్సినప్పుడు జరుపుకున్నారు. అందరూ అవే కొంటున్నారు కాబట్టి నిబంధన వంగింది.

మేనకోడలు: గీత జరగలేదు. ఆ క్యూబ్ గీతకి ఏ వైపున ఉందో మొదట తప్పుగా అంచనా వేశారు. అర సెకను కూడా లేని మలుపులో, కదిలిపోతున్న సందులోంచి రంగు చదివి దాన్ని వాడుకోవడం ఆచరణలో లాభం కాదు. అటువైపు స్టిక్కర్లతో జరిగే అన్యాయం మాత్రం ఎక్కువ. చివర ఊడిన స్టిక్కర్ ఉంటే ముక్కకి గుర్తు పడినట్టే, ఆ క్యూబ్ చెల్లదంటారు. మళ్లీ కొనాలి, పీకాలి, అంటించాలి. డబ్బు లేని పిల్లల గురించేగా మీ బాధ? ఆ మార్పు వాళ్లకే ఎక్కువ మేలు చేసింది. పారదర్శక క్యూబ్ మీద నిషేధం ఇప్పటికీ అలాగే ఉంది, దాన్ని ఎవరూ వంచలేదు.

మావయ్య: ఆచరణలో లాభం కాదని ఎవరు తేల్చారు? ఆడేవాళ్లే. అసలు మీ దగ్గర అన్నీ ఆడేవాళ్లే. జడ్జి పోటీదారే. క్యూబ్ కలిపేవాడు పోటీదారే. పక్కవాడి క్యూబ్ వంకరగా ఆగిందో లేదో తేల్చేది వాడి ప్రత్యర్థి. మా క్యారమ్స్‌లో ఇలా చేస్తే హాల్లో కుర్చీలు లేస్తాయి.

మేనకోడలు: ఇది క్యూబ్ సంగతి కాదు మావయ్యా, వేరే విషయం.

మావయ్య: అదే విషయం. సరంజామా మీద నిబంధన ఎంత బాగున్నా, దాన్ని చూసే కళ్లకి స్వార్థం ఉంటే ఏం లాభం?

మేనకోడలు: ఒక గ్రూపులో అందరికీ ఒకే స్క్రాంబుల్, అంటే క్యూబ్ కలిపే వరస. దాన్ని కంప్యూటర్ ప్రోగ్రామ్ ఇస్తుంది. కలిపినవాడు ఆ గ్రూపులో ఆడడు. చూసిన స్క్రాంబుల్ గురించి ఇంకా ఆడనివాళ్లతో మాట్లాడకూడదు. క్యూబ్ మీద మూత పెట్టి తెస్తారు. టైమ్ కాగితం మీద జడ్జీ పోటీదారూ ఇద్దరూ సంతకం పెడతారు. తేడా వస్తే డెలిగేట్, అంటే డబ్ల్యూసీఏ ప్రతినిధి, తేలుస్తారు. మోసం చేసినవాళ్లని డబ్ల్యూసీఏ నిషేధించిన సందర్భాలూ ఉన్నాయి. ఇంకో మాట. తన ప్రత్యర్థికి ప్లస్ టూ వేయాలా వద్దా అని పన్నెండేళ్ల పిల్ల టేబుల్ మీదకి వంగి చూసి, వద్దని నిజం చెప్పడం నేను చూశాను. ఆ పద్ధతిని జీతం తీసుకునే అంపైర్ కోసం వదులుకోను.

మావయ్య: పిల్ల నిజాయితీ మీద టోర్నమెంటు నడపకూడదు.

మేనకోడలు: దాని మీదే నడపాలని నేను అనలేదు. అదీ ఉందంటున్నాను.

మావయ్య: పోనీ. వెయ్యి రూపాయల మాటకి రా. తప్పించుకోనన్నావు.

మేనకోడలు: ఇంకొకరి క్యూబ్ అడిగి తీసుకుని ఆడటానికి అడ్డేమీ లేదు. చాలామంది ఇస్తారు కూడా. కానీ మొదటిసారి వచ్చిన పిల్లాడు, ఎవరూ తెలియనివాడు, ఎలా అడుగుతాడు? అక్కడ మీరు నెగ్గారు. ప్రతి పోటీలో రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర నాలుగైదు మంచి మాగ్నెటిక్ క్యూబులు ఉంచాలి, కావాల్సినవాళ్లు తీసుకోవచ్చని బోర్డు పెట్టాలి. వచ్చే పోటీ నిర్వాహకులతో నేనే మాట్లాడతాను.

మావయ్య: ఆ రోజే ఇస్తే చాలదు. అలవాటు లేని క్యూబ్‌తో ఏం ఆడతాడు? నెల ముందే ఇంటికి ఇవ్వాలి.

మేనకోడలు: తిరిగి రాకపోతే?

మావయ్య: రాకపోతే ఇంకోటి కొను. నాలుగు క్యూబుల ఖర్చు నాది. ఫైనల్ గురించి మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.