పోలీసుకు పట్టిస్తానని మూడేళ్ల పిల్లను బెదిరించేవారికి

బంధువుల గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి మా పాప ప్లే స్కూలు తల్లిదండ్రుల గ్రూపులో కూడా అదే సందేశం వచ్చింది. "దెబ్బలు తిన్న తరం, బాగుపడిన తరం" అని పైన శీర్షిక, ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడి ఆవేదన అని కింద సంతకం, మధ్యలో దండం పెట్టే చేతుల బొమ్మలు లెక్కలేనన్ని. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను దారిలో పెట్టాలంటే దెబ్బ, అది కుదరకపోతే భయం తప్ప వేరే మార్గం లేదన్నది దాని సారాంశం. పిల్లలంటే ప్రాణం పెట్టేవారు కూడా "నూటికి నూరుపాళ్లు నిజం" అని రాసి మరీ పంపుతున్నారు కనుక, ఒక్కొక్క మాటకూ జవాబు చెప్పవలసి వస్తోంది.

"మేము తినలేదా, బాగుపడలేదా?" అన్నది మొదటి మాట. బాగుపడ్డారు, కాదనను. అదే గోడకుర్చీ వేసి, అదే తొడపాశం తిని, బడి మానేసి వెళ్లిపోయినవారు ఈ గ్రూపుల్లో లేరు కనుక వారి అభిప్రాయం మనకు అందదు.

"దశవర్షాణి తాడయేత్, అంటే పదేళ్లు కొట్టి పెంచమని, శాస్త్రమే చెప్పింది" అన్నది రెండవది. చాణక్యుడి పేరుమీద చెలామణీ అయ్యే ఆ శ్లోకం "లాలయేత్ పంచవర్షాణి" అని మొదలవుతుంది; అంటే ఐదేళ్లు నిండేవరకు ముద్దుచేయమని. సందేశమేమో మూడేళ్ల పిల్లల గురించి. ఐదు దాటాక చేయమన్నదానితో నాకు పేచీ ఉంది, అది వేరే సంగతి; శాస్త్రాన్ని నమ్మేవారు కనీసం శ్లోకాన్ని మొదటినుంచి చదవాలి కదా. యశోదమ్మ రోలుకు కట్టలేదా అని ఆ వెంటనే మరో ప్రశ్న. కట్టింది. కాని భాగవతంలో ఆ తల్లి కట్టడానికి ముందు చేసిన పని, పిల్లవాడు బెదిరిపోయాడని గమనించి చేతిలోని కర్రను అవతల పారేయడం.

అమెరికాలో పిల్లలను కొట్టనివ్వరు కాబట్టే అక్కడ చెడిపోయారట. అక్కడ ఏ రాష్ట్రంలోనూ తల్లిదండ్రులు మితంగా చేయి చేసుకోవడం నేరం కాదు. బడిలో కొట్టడం రాజ్యాంగ విరుద్ధం కాదని వారి సుప్రీంకోర్టు 1977లో తేల్చింది, కొన్ని రాష్ట్రాల బడుల్లో అది నేటికీ చట్టబద్ధమే. ఇంట్లో కూడా కొట్టరాదని అందరికంటే ముందు, 1979లో, చట్టం చేసింది స్వీడన్. మన పొరుగున నేపాల్ 2018లో చేసింది. చెడిపోయిన పిల్లలను చూపించదలచినవారు కనీసం సరైన దేశానికి టికెట్ కొనుక్కోవాలి.

"పిల్లవాడు కొరికితే మీరూ కొరకండి, నొప్పి తెలిసొస్తుంది." ముప్పై ఐదేళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీరు నర్సరీ పిల్లవాడి ముంజేతిని కొరుకుతున్న దృశ్యాన్ని ఊహించుకుని ముందుకు పోదాం.

దెబ్బ వేస్తే ఏడుపు ఆగుతుందన్నది నిజమే, ఆ క్షణానికి ఆగుతుంది. దాదాపు 1,60,000 మంది పిల్లలకు సంబంధించిన పరిశోధనలను కలిపి 2016లో ఇద్దరు అమెరికా పరిశోధకులు విశ్లేషించినప్పుడు, కొట్టడంతో ముడిపడిన 17 ఫలితాల్లో 13 చెడువైపు తేలాయి. మంచివైపు స్పష్టంగా తేలినది ఒక్కటీ లేదు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన అంశం: "చేయి చేసుకోవడం ఇష్టం లేనివారు కనీసం భయం చెప్పండి. పోలీసుకు పట్టిస్తామనండి, డాక్టరుచేత సూది వేయిస్తామనండి, ఇక్కడే వదిలేసి పోతామనండి." ఒంటిమీద దెబ్బ పడదు కనుక దీన్ని సౌమ్యమైన పద్ధతి అనుకుని, కొట్టనివారు సైతం వాడుతున్నారు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి నడిమి వరకు హైదరాబాద్ నాంపల్లిలో జరిగే ఎగ్జిబిషన్, నుమాయిష్‌కు ఒక ఆదివారం సాయంత్రం వెళ్లి చూడండి. అజంతా గేటునుంచి లోపలికి వచ్చే ఆ జనంలో తల్లి చేయి జారిపోయిన నాలుగేళ్ల పిల్లకు తేలికగా గుర్తుపట్టగలిగిన మనిషి ఎవరైనా ఉంటే, ఖాకీ బట్టల్లో ఉన్న కానిస్టేబులు ఒక్కడే. అన్నం తినకపోతే వచ్చి పట్టుకుపోయేది అతనేనని ఏడాది పొడుగునా విన్న పిల్ల, అతను దగ్గరికి వస్తే మిర్చీ బజ్జీల దుకాణం వెనక్కి దూరుతుంది. పేరు అడిగితే పెదవి విప్పదు. మన పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్ అనీ, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ అనీ తప్పిపోయిన పిల్లలను వెతుకుతారు. మిగిలిన పది నెలలూ మనం ఆ పోలీసులకు దొరకకుండా దాక్కోవడం ఎలాగో పిల్లలకు శిక్షణ ఇస్తాం. సికింద్రాబాద్ స్టేషన్లో ఒక అమ్మమ్మ ఇలాగే వేలెత్తి చూపిస్తే, ఆ కానిస్టేబులే నొచ్చుకుని "నన్నెందుకమ్మా బూచోణ్ణి చేస్తారు?" అన్నాడు. సూది సంగతీ అంతే: ఐదారేళ్లకు డీపీటీ బూస్టరు టీకా వేయించక తప్పదు, ఆ రోజు అది శిక్ష కాదని ఆ పిల్లను ఏ నోటితో నమ్మిస్తారు? వదిలేసి పోతాననడం గురించి రాయడానికి కూడా మనసొప్పడం లేదు. ఆ వయసు పిల్ల దాన్ని అక్షరాలా నమ్ముతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక శిక్షను, మానసిక వేధింపును ఒకే వాక్యంలో నిషేధించింది. అది ఆరేళ్లు నిండిన పిల్లలకు కదా అని ఒక పెద్దాయన గ్రూపులో సెలవిచ్చారు. అంతకంటే చిన్నవాళ్లను వేధించవచ్చునన్నది కాబోలు వారి న్యాయశాస్త్రం.

సందేశంలో చివరి అంశాన్ని మాత్రం ఒప్పుకుంటున్నాను. ఇప్పటి తల్లిదండ్రులకు "వద్దు" అనడం చేతకాదని, ఏడుపు భరించలేక ఫోను చేతిలో పెడుతున్నారని అందులో ఉంది. నిజం, కొట్టకూడదని నావలె వాదించేవారిలోనే ఈ జబ్బు ఎక్కువ. మాల్‌లో బొమ్మల దుకాణం ముందు నేలమీద దొర్లుతున్న మూడేళ్లవాడి పక్కన మోకాళ్లమీద కూర్చుని, "నీ ఫీలింగ్ నాకు అర్థమైంది నాన్నా, కాని..." అని పది నిమిషాలు ఉపన్యసిస్తారు. వాడికి ఉపన్యాసం అర్థం కాదు, చివరికి బొమ్మ కొనిచ్చిన సంగతి మాత్రం బాగా అర్థమవుతుంది. జారుడుబల్ల దగ్గర "ఇంకో రెండుసార్లు జారి ఇంటికి" అని ముందే చెప్పి, రెండూ అయ్యాక చేయి పట్టుకుని నడవాలి. గ్లాసు విసిరితే ఒలికిన నీళ్లు తుడవడానికి గుడ్డ చేతికిచ్చి, మనమూ ఒక కొస పట్టుకోవాలి. కొట్టబోయే పిల్లవాడి చేతిని గాలిలోనే పట్టుకుని "కొట్టనివ్వను" అని ఒక్కసారి అనాలి. ఏడిస్తే ఏడవనిచ్చి, పక్కనే ఉండాలి. ఇది దెబ్బకంటే నిదానంగా పనిచేస్తుంది, ఓపికంతా తోడేస్తుంది, గచ్చిబౌలి నుంచి ట్రాఫిక్‌లో నలిగి ఇల్లు చేరిన తల్లికి ప్రతి సాయంత్రమూ సాధ్యమవుతుందని నేను అనను. ఆ గంటసేపు పిల్లను ఇంట్లోని రెండో మనిషి చూసుకోవాలి. ఆయన కూడా అలసిపోయే వస్తాడు, అయినా చూసుకోవాలి.